కప్పా, పట్టికలో స్థానమా? ఫుట్‌బాల్ అభిమానులపై అపోహలు - వాస్తవాలు

విశాఖలో పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పుతాను. సాధన అయ్యాక బూట్లు విప్పుకుంటూ కుర్రాళ్లు, గోడ పక్కన నిలబడి వాళ్ల తండ్రులు తెగ వాదించుకునే విషయం ఇది: అభిమానికి కప్పు గెలవడం ముఖ్యమా, లీగ్ పట్టికలో పైన నిలవడం ముఖ్యమా?

అపోహ: కప్పు వస్తే చాలు, లీగ్‌లో ఏ స్థానమైనా అభిమానికి పట్టదు.

వాస్తవం: 2024-25లో లండన్ క్లబ్ టాటెన్‌హామ్ ఇంగ్లండ్ అగ్రశ్రేణి పోటీ ప్రీమియర్ లీగ్‌లో 22 మ్యాచ్‌లు ఓడి 17వ స్థానానికి పడిపోయింది. దాని కింద ఉన్న మూడు జట్లూ కింది డివిజన్‌కు పోయాయి. అదే టాటెన్‌హామ్ మే 21న బిల్‌బావోలో మాంచెస్టర్ యునైటెడ్‌ను 1-0తో ఓడించి, ఐరోపా క్లబ్‌ల రెండో స్థాయి కప్పు యూరోపా లీగ్ గెలిచింది. 2008 తర్వాత దానికి అదే తొలి ట్రోఫీ. మన లెక్కన ఆ మ్యాచ్ అర్ధరాత్రి దాటాక పన్నెండున్నరకు మొదలైంది. తెల్లారి వేసవి శిబిరానికి టాటెన్‌హామ్ తెల్ల జెర్సీతో వచ్చిన మా కుర్రాడికి కళ్లు మూతలు పడుతున్నాయి, నోరు మాత్రం మూతపడలేదు. జూన్ మొదటి వారంలో క్లబ్ తన కోచ్ పోస్టెకోగ్లూను తొలగించింది. అదే కుర్రాడు, "పదిహేడో స్థానం తెస్తే తీసేయక ఏం చేస్తారు సార్?" అన్నాడు. వాడి సంబరమూ నిజమే, ఆ కోపమూ నిజమే.

అపోహ: పట్టికలో పైస్థానం క్లబ్ యజమానుల లెక్కల వ్యవహారం, అభిమానికి అందులో ఏమీ లేదు.

వాస్తవం: 2005లో ఇంగ్లండ్ నాకౌట్ కప్పు ఎఫ్ఏ కప్ గెలిచాక, మళ్లీ 2014లో అదే కప్పు గెలిచేదాకా లండన్ క్లబ్ ఆర్సెనల్‌కు ఏ ట్రోఫీ దక్కలేదు. అయినా ఏటా ప్రీమియర్ లీగ్‌లో మొదటి నాలుగు స్థానాల్లో నిలిచి, ఐరోపా మేటి క్లబ్‌లు తలపడే ఛాంపియన్స్ లీగ్‌కు వెళ్లింది. అంటే బార్సిలోనా, బయెర్న్ లాంటి జట్లు సొంత మైదానానికి వచ్చాయి. అది తక్కువ సుఖమా? కాకపోతే మొదటిసారి పండగలా అనిపించిన నాలుగో స్థానం ఏటా అదే వస్తుంటే విసుగు పుట్టిస్తుంది.

అపోహ: ట్రోఫీలు లేని జట్టును జనం వదిలేస్తారు.

వాస్తవం: మన దేశంలోని ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్)లో లీగ్ మ్యాచ్‌లయ్యాక కప్పు ఫైనల్‌తో తేలుతుంది. అందులో కేరళ బ్లాస్టర్స్ 2014, 2016, 2022 ఫైనళ్లు ఓడింది. నావికాదళంలో పనిచేసే ఒక మలయాళీ తండ్రి ఇప్పటికీ కొడుకును ఆ జట్టు పసుపు జెర్సీలోనే మైదానానికి పంపుతారు. 2022లో ఆ జట్టును గోవాలోని ఫతోర్దాలో పెనాల్టీ షూటౌట్‌లో ఓడించి కప్పు ఎత్తింది మన హైదరాబాద్ ఎఫ్‌సీ. రెండు సీజన్లు తిరిగేసరికి పట్టికలో అట్టడుగున ఉంది. 2025లో ఆ క్లబ్ ఏకంగా ఢిల్లీకి తరలిపోయింది. కప్పు దాన్ని కాపాడలేకపోయింది.

అపోహ: కప్పు గెలిచినదే మెరుగైన జట్టు.

వాస్తవం: కాదు. ఆ 2021-22 సీజన్‌లోనే 20 లీగ్ మ్యాచ్‌ల తర్వాత పట్టికలో పైన నిలిచి షీల్డ్ అందుకున్నది జంషెడ్‌పూర్. ఆ సంగతి మా పిల్లల్లో ఎవరికీ గుర్తులేదు. కోచ్‌గా నాకు మాత్రం ఆ షీల్డే బరువైనది. షూటౌట్‌లో గోల్‌కీపర్ ఒక్కడే రాత మార్చేయగలడు, ఇరవై మ్యాచ్‌లను మార్చలేడు.

మన దగ్గర వాదన కప్పు వైపే మొగ్గడానికి మరో కారణం ఉంది. మైదానం దొరికే రోజులు తక్కువ, డబ్బూ తక్కువ, అందుకే స్థానిక టోర్నీలు ఎక్కువగా నాకౌట్ పద్ధతిలోనే నడుస్తాయి. తొలి మ్యాచ్ ఓడిన పిల్లవాడు మధ్యాహ్నానికే ఇల్లు చేరతాడు. వాడికి పట్టిక అంటే ఏమిటో ఎలా తెలుస్తుంది? నిర్వాహకులు కనీసం రెండేసి గ్రూపు మ్యాచ్‌లైనా పెట్టాలి. బంతులు, నీళ్ల ఖర్చు కాస్త పెరిగినా ఫరవాలేదు.