రాజులు పోయిన కాలంలో పుట్టిన రాజు పండుగ

నవంబరు చివర్లో, ఆగమన కాలానికి (క్రిస్మస్‌కు సిద్ధపడే వారాలకు) ముందు ఆదివారం, వరంగల్ మేత్రాసనంలోని (ఒక బిషప్పు కిందుండే ప్రాంతంలోని) విచారణల్లోనూ, అంటే స్థానిక చర్చి సంఘాల్లోనూ, ప్రపంచమంతటా కథోలిక దేవాలయాల్లోనూ క్రీస్తురాజు పండుగ చేస్తారు. ఇది అనాదిగా వస్తున్నదని చాలామంది అనుకుంటారు. క్రీస్తు రాజనే విశ్వాసం పాతదే గానీ, ఈ పండుగ వయసు నూరేళ్లే.

1925 డిసెంబరు 11న పదకొండవ పయస్ పోపు ‘క్వాస్ ప్రీమాస్’ అనే విశ్వలేఖతో (చర్చి అంతటికీ పోపు రాసే లేఖతో) దీన్ని స్థాపించారు. మొదటి ప్రపంచ యుద్ధంతో జర్మనీ, ఆస్ట్రియా, రష్యా చక్రవర్తులు పోయారు. ఇటలీలో ముస్సోలినీ నియంతగా బలపడుతున్నాడు. మనిషి మొత్తంగా తమకే చెందాలనే పాలకులు లేస్తున్న వేళ, వాళ్ల పైన ఇంకొకరున్నారని పోపు గుర్తుచేశారు. క్రీస్తు ఏలుబడి ముఖ్యంగా ఆత్మకు సంబంధించినదని ఆ లేఖే చెబుతుంది. పరలోక రాజ్యాలిచ్చేవాడు ఈ లోక రాజ్యాలను లాక్కోడన్న పాత కీర్తన మాట కూడా అందులో ఉంది. అయితే ప్రభుత్వాలు కూడా బహిరంగంగా క్రీస్తును గౌరవించాలని లేఖ కోరింది. ఈ మాటను దాచకూడదు.

మెక్సికోలో ప్రభుత్వం చర్చిని అణచినప్పుడు ‘క్రీస్తురాజుకు జై’ అంటూ కొందరు ఆయుధాలు పట్టారు. కథోలిక గురువు (ఫాదర్) మిగ్వెల్ ప్రో మాత్రం 1927 నవంబరు 23న ప్రభుత్వం తనను కాల్చి చంపే వేళ చేతులు చాచి, అదే మాట పలికి తుపాకులకు ఎదురు నిలిచారు. నాకు ఆయన సాక్ష్యమే పండుగకు దగ్గరగా కనిపిస్తుంది. 1965లో రెండవ వాటికన్ మహాసభ (ప్రపంచ కథోలిక బిషప్పుల సభ) మతం విషయంలో ఎవరినీ బలవంతపెట్టరాదని ప్రకటించింది. అక్టోబరు చివరి ఆదివారం జరిగే పండుగను 1969లో ఆరవ పౌలు పోపు పూజా సంవత్సరం (ఆగమన కాలంతో మొదలయ్యే చర్చి ఏడాది) ముగింపుకు మార్చారు. అప్పటి నుంచి మూడేళ్ల వరుసలో చదివే సువిశేషాల్లో (క్రీస్తు జీవితం చెప్పే బైబిలు భాగాల్లో) ఒక ఏడు రోమా అధిపతి పిలాతు ముందు నిలబడ్డ ఖైదీ, ఒక ఏడు సిలువ మీద దొంగతో మాట్లాడే రాజు, ఇంకో ఏడు ఆకలిగొన్నవాళ్లలో తన్ను చూడమనే తీర్పరి కనిపిస్తారు.

1925లో మన దగ్గర ఏడవ నిజాం పాలన. ఊళ్లలో వెట్టి, నోళ్లలో ‘నీ బాంచెన్ (బానిసను) దొరా, కాల్మొక్త’. వెట్టిని కూలగొట్టింది ప్రజల పోరాటం; ఆ ఘనత చర్చిది కాదు. 1952లో వరంగల్ మేత్రాసనం ఏర్పడింది. అప్పటికి ఆ దొరతనం ఇంకా మనుషుల జ్ఞాపకంలోనే ఉంది. శిష్యుల కాళ్లు కడిగిన రాజును ఇక్కడి కథోలికులు కొలవడమంటే, ఎన్నికల్లో డబ్బు తీసుకోకపోవడం, ఏ నాయకుడికీ బాంచెన్ అనకపోవడం, పక్క మతం వాళ్ల హక్కుకూ తన హక్కుకంత గట్టిగా నిలబడటం.