నిజామాబాద్ పోలింగ్‌లో 12 యంత్రాలు ఎందుకు పెట్టాల్సి వచ్చింది?

2019 ఏప్రిల్ 11న నిజామాబాద్ లోక్‌సభ స్థానంలో ప్రతి పోలింగ్ బూత్‌లోనూ 12 బ్యాలెట్ యూనిట్లు, అంటే అభ్యర్థుల పేర్లూ ఓటు మీటలూ ఉండే యంత్రాలు, పెట్టారు. బరిలో 185 మంది ఉన్నారు, అందులో 170 మందికి పైగా రైతులే. ఒక్కో యూనిట్ మీద 16 పేర్లే పడతాయి. నోటాతో కలిపి 186 కాబట్టి 12 యూనిట్లు తప్పలేదు.

ఇంతమంది రైతులు నామినేషన్ వేయడానికి కారణం పసుపు. అది తొమ్మిది నెలల పంట. తవ్వించాలి, ఉడకబెట్టాలి, ఆరబెట్టాలి, పాలిష్ పట్టించాలి. ఇంత చేసి యార్డుకు తెస్తే ధర మాత్రం వ్యాపారి చేతిలో ఉంటుంది. వరికీ మక్కలకూ ఉన్నట్టు పసుపుకు కేంద్రం మద్దతు ధర లేదు. పసుపు బోర్డు పెట్టాలని, పసుపుకూ ఎర్రజొన్నకూ గిట్టుబాటు ధర ఇవ్వాలని ఆర్మూర్, బాల్కొండ రైతులు అడిగీ అడిగీ అలసిపోయారు. 2019 ఫిబ్రవరిలో ఆర్మూర్ దగ్గర జాతీయ రహదారి మీద బైఠాయించారు. అదీ ఫలించక నామినేషన్ల దారి పట్టారు.

ఈ దారి తెలంగాణలో అంతకుముందే ఉంది. 1996లో నల్లగొండ లోక్‌సభ స్థానానికి 480 మంది నిలబడ్డారు. ఫ్లోరైడ్ నీళ్లతో ఎముకలు వంగిపోతున్న జనం గోడు దేశానికి వినపడాలన్నదే వాళ్ల ఉద్దేశం. అక్కడ పోలింగే వాయిదా పడింది. ఆ ఏడాదే తమిళనాడులోని మొడకురిచ్చి అసెంబ్లీ స్థానంలో 1,033 మంది పోటీ చేశారు. ఆ తర్వాత లోక్‌సభ డిపాజిట్‌ను 500 రూపాయల నుంచి 10,000కు, మరికొన్నాళ్లకు 25,000కు పెంచారు. మంచినీళ్లు అడిగినవాళ్లకు ఫీజు పెంచి బదులివ్వడం నాకు న్యాయంగా అనిపించదు.

అభ్యర్థుల సంఖ్యకూ ఓటు వేసే పద్ధతికీ లంకె ఉంది. 1952లో ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె ఉండేది, గుర్తు చూసి అందులో చీటీ వేసేవాళ్లు. వరంగల్‌లో పెండ్యాల రాఘవరావు గెలిచిందీ, కవి కాళోజీ ఓడిపోయిందీ ఆ పెట్టెల లెక్కతోనే. తర్వాత ముద్ర వేసే బ్యాలెట్ పేపర్ వచ్చింది, 2004 నుంచి దేశమంతా ఈవీఎంలే. పాత ఈవీఎంకు నాలుగు యూనిట్లే తగిలించగలరు, అంటే 64 పేర్లు. అంతకు మించితే కాగితం ఓటే. 2010 ఉప ఎన్నికల్లో ఉత్తర తెలంగాణలో కొన్నిచోట్ల పెద్ద సంఖ్యలో నామినేషన్లు వేసి బ్యాలెట్ పేపర్‌ను రప్పించారు కూడా.

2019లో రైతులు కోరిందీ బ్యాలెట్ పేపరే. ఎన్నికల సంఘం ఒప్పుకోలేదు, 24 యూనిట్ల దాకా తగిలించగల ఎం3 యంత్రాలు తెప్పించింది. అసలు ఓటింగ్‌కు ముందు యంత్రాలను సరిచూసే మాక్ పోలింగ్‌కు ఎక్కువ సమయం పడుతుందని ఓటింగ్‌ను ఉదయం 8 గంటలకు మొదలుపెట్టారు.

పోటీ చేసిన రైతుల్లో ఒక్కరికీ డిపాజిట్ దక్కలేదు. అయితే సిట్టింగ్ ఎంపీ కవిత ఓడిపోయారు, పసుపు బోర్డు తెస్తానని బాండ్ పేపర్ రాసిచ్చిన ధర్మపురి అర్వింద్ గెలిచారు. బోర్డు ప్రకటన 2023 అక్టోబర్‌లో వచ్చింది, 2025 సంక్రాంతికి నిజామాబాద్ కేంద్రంగా అది మొదలైంది. మద్దతు ధర జాబితాలో మాత్రం పసుపును చేర్చలేదు.