వాసెన మీద నూనె మరక

చిరంజీవులు నానీకి, చిన్నీకి తాతయ్య ఆశీస్సులు.

పాత సామాన్లు అమ్మే ఫ్లీ మార్కెట్‌లో మీరు చూసిన సెంట్ల చుట్ట, అదే యాభై పాత అమెరికా సెంటు నాణేలు కాగితంలో చుట్టిన రోల్, ఫొటో అందింది. ఒక చివర ఈకల తలపాగా బొమ్మ ఉన్న పాతకాలం ఇండియన్ హెడ్ సెంటు, రెండో చివర గోధుమ కంకుల బొమ్మ ఉన్న సెంటు, మధ్యలో కనబడనివి నలభై ఎనిమిది. అమ్మేవాడు అరవై డాలర్లు అడిగాడని, బ్యాంకులో చుట్టింది చుట్టినట్టే ఉందని ఒట్టేశాడని, లోపల 1909 శాన్‌ఫ్రాన్సిస్కో టంకసాలలో ముద్రించిన, రూపకర్త పొడి అక్షరాలు 'వీడీబీ' ఉన్న సెంటు ఉన్నా ఉండొచ్చని కన్ను గీటాడని రాశారు. ఆ రకం మొత్తం 4,84,000 మాత్రమే ముద్రించారు కాబట్టి మీ గుండె కొట్టుకోవడంలో తప్పులేదు. "విప్పకుండా ఎలా తెలుస్తుంది తాతయ్యా?" అని చిన్నీ అడిగింది. డబ్బు కట్టకుండా వాడు విప్పనివ్వడు, కట్టి విప్పాక అది విప్పని చుట్ట కాదు. చిక్కంతా అక్కడే ఉంది.

ఇది చెప్పడానికి నాకు ఆవకాయ జాడీ తప్ప ఇంకేదీ తోచడం లేదు. నవ్వకండి.

రాజమండ్రి దగ్గర మా ఊళ్లో, ఏడాదికి సరిపడా ఆవకాయ పెద్ద జాడీలకెత్తి, మూతికి తెల్ల గుడ్డతో వాసెన కట్టి, పురికొసతో బిగించేది మా నాయనమ్మ. ఒక వేసవి మధ్యాహ్నం ఇంటిల్లిపాదీ కునుకు తీస్తుంటే నేను ముడి విప్పి, టెంకతో ఉన్న ముక్క ఒకటి లాగి, అచ్చం ఆవిడ వేసినట్టే ముడి వేశాను. ముడులు వేయడంలో నాకు నేనే సాటి అనుకునేవాణ్ణి. సాయంత్రం నాయనమ్మ జాడీ దగ్గరికి వెళ్లింది. విప్పలేదు, ముడి వంక చూడనైనా లేదు. వాసెన చుట్టూ వేలితో రాసి, "ఎవడ్రా ముట్టుకున్నది?" అంది. చాలాకాలం ఆవిడకి మంత్రాలొచ్చని నమ్మాను. తర్వాతెప్పుడో చెప్పింది. జాడీ అంచు తగిలిన చోట గుడ్డకి నూనె పట్టి గుండ్రంగా మరకవుతుంది. ఆ మరక అంచు మీదే కూర్చోవాలి. నేను కట్టిన వాసెన మీద అది బొటనవేలు మందం పక్కకి జరిగింది.

మీ చుట్ట కూడా జాడీయే. దాని చివరలు చూడండి. మెషిన్‌తో చుట్టినవాటికి కాగితం అంచు లోపలికి మెలితిరిగి, మధ్యలో గుండ్రటి ఖాళీ ఉంటుంది. తుపాకీ తూటా మూతిలా ఉంటుందని వాటిని షాట్‌గన్ రోల్స్ అంటారు. ఆ ఖాళీలోంచి చివరి సెంటుకి ఏళ్ల తరబడి గాలి తగులుతుంది, కాగితం కప్పిన అంచుకి తగలదు. అందుకని రాగి రంగు రెండు చోట్లా ఒకేలా మారదు, మధ్యలో గుండ్రంగా గీత పడుతుంది. అదే నూనె మరక. ఆ గీతా, కాగితం మడతా ఒకదాని మీదొకటి కూర్చున్నాయా, లేక పక్కకి జరిగాయా? మడతలో పాత ముడత ఒకటి, దాన్ని దాటుకుంటూ కొత్త ముడత ఇంకొకటి కనబడుతున్నాయా? సెంటు నల్లగా మాగిపోయి, కాగితం అంచు మాత్రం నిన్న నొక్కినట్టు పదునుగా ఉంటే నాయనమ్మ ఏమనేదో మీకు తెలుసు.

వాడని పాత బ్యాంకు కాగితాలు దొరుకుతాయి. అంచు మెలిపెట్టే పనిముట్టూ అమ్ముతారు. అంటే ముడి ఎవరైనా వేయగలరు. 1930ల నాటిదన్న కాగితం అతినీలలోహిత టార్చి కింద నీలంగా మెరిసిందంటే అనుమానించండి, ఆ మెరుపు మందు కాగితంలో కలపడం తర్వాతి రోజుల్లో వచ్చింది. మెరవకపోతే మాత్రం ఏమీ తేలినట్టు కాదు. తూకం కూడా కొంతవరకే. పాత రాగి సెంటు 3.11 గ్రాములు, 1982లో మొదలైన జింకుది 2.5. యాభై సెంట్ల చుట్ట వంటింటి త్రాసు మీద 155 గ్రాముల దగ్గర తూగితే లోపల రాగివి ఉన్నాయని తెలుస్తుంది. ఏ ఏడాదివో త్రాసుకేం తెలుసు?

ఇప్పుడు జాడీ పైముక్క సంగతి. మెషిన్ నాణెం మొహం చూడదు, ఎలా పడితే అలా పేరుస్తుంది. యాభైలో అపురూపమైనది ఒక్కటే ఉంటే, అది ఏదో ఒక చివరకి వచ్చే అవకాశం ఇరవై అయిదింట ఒకటి. మరి ఇండియన్ హెడ్ సరిగ్గా మీకేసి చూస్తూ ఎందుకు కూర్చుందంటారు? అసాధ్యమనను. పైన టెంకముక్క పేర్చి పెట్టిన జాడీ వాసన మాత్రం నాకు కొడుతోంది.

అసలైన బ్యాంకు చుట్టలో కూడా అరిగిపోయిన మామూలు సెంట్లే ఉండొచ్చు. బ్యాంకు చుట్టింది లెక్క కోసం, మన కోసం కాదు. ఈ దేశం వచ్చిన కొత్తలో ఒక దుకాణంలో ఇలాంటిదే నేనూ కొన్నాను. విప్పితే 1950ల నాటి సెంట్లు, ఒకటి పోయినా ఏడవక్కర్లేనివి. దుకాణదారు అబద్ధం కూడా ఆడలేదు, "ఉండొచ్చు" అన్నాడంతే. ఆ "ఉండొచ్చు"కి నేను డబ్బు కట్టాను. మీ పాకెట్ మనీ అంతకంటే విలువైనది నాన్నా, ఆశపడండి గానీ ఒక రాత్రి నిద్రపోయి లేచాక కొనండి.

కొత్తగా చుట్టింది ఎలా ఉంటుందో తెలియకుండా ఎంత చెప్పినా లాభం లేదు. శనివారం నాన్నతో బ్యాంకుకి వెళ్లి, యాభై సెంట్లు ఇచ్చి, మెషిన్ చుట్టిన సెంట్ల రోల్ ఒకటి అడగండి. విప్పొద్దు. కిటికీ దగ్గర వెలుతురులో, నాన్న భూతద్దంతో ఒక్కో చివరా పది నిమిషాలు చూడండి. మడతలు ఎన్ని? ఖాళీ ఎంత వెడల్పు? అది కాగితం మీద బొమ్మ గీసుకుని, ఆ ఫొటో పక్కన పెట్టి చూశాక నాకు ఫోన్ చేయండి.

మీ తాతయ్య