విహార నౌకల పర్యావరణ భారం: అపోహలు – వాస్తవాలు

విశాఖపట్నంలో 2023లో అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైనప్పటి నుంచి, నౌకల ఇంజన్ రూమ్‌లో పనిచేసే మాబోటివాళ్లను బంధుమిత్రులు జీతభత్యాలతో పాటు, ఆ ఓడలు సముద్రాన్ని ఎంత పాడుచేస్తాయని కూడా అడుగుతున్నారు. ఆ ప్రశ్న వెనుక ఉండే అభిప్రాయాల్లో కొన్ని ఓడలకు అన్యాయం చేసేవైతే, కొన్ని కంపెనీలను అనవసరంగా వెనకేసుకొచ్చేవి.

అపోహ: మురుగు, చెత్త అంతా రాత్రివేళ సముద్రంలో కలిపేస్తారు.

వాస్తవం: మార్పోల్ అనే అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం ప్లాస్టిక్‌ను ఏ సముద్రంలోనూ వేయకూడదు. పెద్ద నౌకల్లో కింది డెక్‌లో ఉండే చెత్త గదిలో సిబ్బంది మందపాటి గ్లౌజులు తొడుక్కుని గాజు, డబ్బాలు, అట్టపెట్టెలు చేతితోనే వేరుచేస్తారు. వంటగది వ్యర్థాల్లో కలిసి వచ్చిన చెంచాలను, ప్లాస్టిక్ మూతలను ఏరేశాకే గ్రైండర్‌లో వేస్తారు. అలా నూరిన ఆహారం మాత్రం తీరానికి తగినంత దూరంలో సముద్రంలోకే పోతుంది. శుద్ధి చేయని మరుగుదొడ్ల మురుగును సైతం తీరం నుంచి 12 నాటికల్ మైళ్లు (సుమారు 22 కిలోమీటర్లు) దాటాక, ఓడ కనీసం 4 నాట్ల (గంటకు సుమారు 7 కిలోమీటర్ల) వేగంతో సాగుతుండగా, నెమ్మదిగా వదలడానికి ఆ ఒప్పందం అనుమతిస్తుంది. అయితే నా దృష్టిలో అసలు లోపం మరోచోట ఉంది. వాక్యూమ్ మరుగుదొడ్డి ఒక్కసారికి సుమారు లీటరు నీటినే వాడుకుంటుంది కనుక ఆ మురుగు పరిమాణం తక్కువ. స్నానాల గదులు, లాండ్రీ, వంటగదుల నుంచి వచ్చే గ్రే వాటర్ దానికి కొన్ని రెట్లు ఉంటుంది, దాన్ని మార్పోల్ నియంత్రించనే లేదు. అలాస్కా వంటి కొన్ని ప్రాంతాలు మాత్రం సొంత చట్టాలతో ఆ లోటు పూడ్చుకున్నాయి.

అపోహ: స్క్రబ్బర్ (ఇంజన్ పొగను కడిగే పరికరం) బిగించిన ఓడ కాలుష్యం చేయదు.

వాస్తవం: 2020 జనవరి 1 నుంచి నౌకా ఇంధనంలో గంధకం 0.50 శాతానికి మించకూడదు. స్క్రబ్బర్ ఉంటే మాత్రం గంధకం ఎక్కువగా ఉన్న చవక ఇంధనాన్నే మండించవచ్చు. ఓపెన్ లూప్ పద్ధతిలో పొగను సముద్రపు నీటితో కడిగి, ఆమ్లంతో పాటు లోహాలు కూడా కలిసిన ఆ నీటిని తిరిగి సముద్రంలోకే వదులుతారు. పొగగొట్టం దగ్గర తగ్గిన కాలుష్యంలో కొంత నీటిలో తేలుతుందన్నమాట.

అపోహ: ఎల్‌ఎన్‌జీ (ద్రవంగా మార్చిన సహజవాయువు, ప్రధానంగా మీథేన్)తో నడిచే నౌకలు పూర్తిగా హరిత నౌకలు.

వాస్తవం: 2018లో సేవలోకి వచ్చిన ఐడానోవా అనే విహార నౌక మొదలుకొని చాలా కొత్త నౌకలు ఈ ఇంధనంతో నడుస్తున్నాయి. గంధకం దాదాపుగా ఉండదు, మసి బాగా తగ్గుతుంది. ఈ మేలును తక్కువ చేయనక్కర్లేదు. కానీ ఈ ఇంజన్లలో కొంత మీథేన్ మండకుండానే పొగతో బయటికి జారిపోతుంది. ఐరోపా సమాఖ్య లెక్కల్లో దానికి వాడిన ఇంధనంలో 3.1 శాతాన్ని ప్రామాణిక విలువగా తీసుకుంటారు. 20 ఏళ్ల వ్యవధిలో చూస్తే మీథేన్ కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 80 రెట్లు వేడిని పట్టి ఉంచుతుంది కాబట్టి ఆ కొద్ది శాతమే లాభాన్ని చాలావరకు మింగేస్తుంది.

అపోహ: ఇన్ని మీటర్లు, రికార్డు పుస్తకాలు ఉండగా మోసం జరగదు.

వాస్తవం: ఓడ అడుగున చేరే బిల్జ్ నీటిలో నూనె 15 పీపీఎం (పది లక్షల భాగాల్లో 15) దాటితే బయటికి వదలకూడదు. ఆ నూనెను వేరుచేసే యంత్రాన్ని తప్పించే దొంగ పైపును మా వృత్తిలో 'మ్యాజిక్ పైప్' అంటారు. కరీబియన్ ప్రిన్సెస్ నౌకలో అదే జరిగింది. పైగా రికార్డు సక్రమంగా కనిపించాలని శుభ్రమైన సముద్రపు నీటిని మీటరు గుండా పంపారు. 2013లో కొత్తగా చేరిన ఒక ఇంజనీరు ఫిర్యాదు చేయడం వల్లే విషయం బయటపడి, 2016లో ఆ నౌక కంపెనీ ప్రిన్సెస్ క్రూయిజెస్ నేరాన్ని అంగీకరించి 4 కోట్ల డాలర్ల జరిమానాకు ఒప్పుకుంది.

అపోహ: తువ్వాళ్లు మళ్లీ వాడితే, స్ట్రాలు మానేస్తే చాలు.

వాస్తవం: అవి మంచివే గాని, భారమంతా ఇంధనంలో ఉంది. ఇంజన్‌కు కావలసిన శక్తి ఇంచుమించు వేగం ఘనానికి అనుగుణంగా పెరుగుతుంది. వేగాన్ని 10 శాతం తగ్గిస్తే ఆ శక్తి దాదాపు 27 శాతం తగ్గుతుంది, ప్రయాణ సమయం పెరిగినా అదే దూరానికి ఓడను ముందుకు నడపడానికి ఖర్చయ్యే ఇంధనంలో ఐదో వంతు దాకా మిగులుతుంది. ఆ వేగాన్ని కెప్టెన్ కంటే ముందుగా నిర్ణయించేది, రెండు రేవుల మధ్య ఎన్ని గంటలు ఇవ్వాలో టిక్కెట్లు అమ్మకముందే కంపెనీ కార్యాలయంలో వేసిన టైమ్‌టేబుల్.