రెండుసార్లు చదవాల్సిన చదువు

యూనివర్సిటీలో జర్నలిజం పీజీ పూర్తిచేసిన కుర్రాడు నేరుగా పత్రికాఫీసుకు వెళ్లడు. మళ్లీ ఏదో ఒక పత్రిక నడిపే జర్నలిజం స్కూలుకు దరఖాస్తు పెట్టుకుని ప్రవేశ పరీక్ష రాస్తాడు. పక్క బెంచీలో బీఎస్సీ చదివినవాడు ఉంటాడు, వెనక బెంచీలో ఎమ్మే తెలుగు అమ్మాయి ఉంటుంది. ముగ్గురికీ ఒకటే ప్రశ్నపత్రం: ఇంగ్లిష్ వార్తకు తెలుగు అనువాదం, ఒక వ్యాసం, వర్తమాన వ్యవహారాల మీద ప్రశ్నలు. రెండేళ్లు జర్నలిజం చదివినందుకు ఆ కుర్రాడికి అదనంగా కలిసొచ్చేది దాదాపు ఏమీ ఉండదు. సీటొస్తే ఆరు నెలలో ఏడాదో శిక్షణ, నెలనెలా కాస్త స్టైపెండ్, ఆపైన కొన్నేళ్లు అక్కడే పనిచేస్తానని ఒప్పంద పత్రం.

తెలుగునాట ఇది మూడు దశాబ్దాలుగా మామూలైపోయింది. మామూలైపోయింది కాబట్టి ఎందుకిలా అని ఎవరూ అడగడం లేదు. పిల్లలకు పని రాదని పత్రికలవాళ్లు అంటారు. పత్రికలకు చదువు విలువ తెలియదని యూనివర్సిటీవాళ్లు అంటారు. ఇద్దరూ పూర్తి అబద్ధం చెప్పడం లేదు. ఈ చిక్కుముడి మొదలు ఎక్కడుందో చూడాలంటే చాలా వెనక్కి, చాలా దూరం వెళ్లాలి.

జర్నలిజాన్ని తరగతి గదిలో నేర్పొచ్చన్న ఆలోచనే కొత్తది. అమెరికాలోని మిస్సోరి విశ్వవిద్యాలయం 1908లో ప్రపంచంలోనే మొదటిదని చెప్పుకునే జర్నలిజం స్కూలు తెరిచింది. పత్రికాధిపతి జోసెఫ్ పులిట్జర్ ఇచ్చిన విరాళంతో 1912లో కొలంబియాలో ఇంకొకటి మొదలైంది. జర్నలిస్టు పుట్టుకతో రావాలే గానీ బళ్లో తయారుకాడని అప్పటి పత్రికలవాళ్లు గట్టిగా వాదించారు. ఆ వాదన ఇప్పటికీ మన ప్రెస్‌క్లబ్బుల్లో వినిపిస్తూనే ఉంటుంది.

మన దేశంలో తొలి ప్రయత్నం మద్రాసు అడయారులో 1920 ప్రాంతంలో అనీబిసెంట్ చేశారు. అది ఎక్కువకాలం నిలవలేదు. 1938లో అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయంలో పెట్టిన కోర్సు కూడా రెండేళ్లకే ఆగింది. నిలదొక్కుకున్నది లాహోర్‌లో. 1941లో పంజాబ్ విశ్వవిద్యాలయంలో పృథ్వీపాల్ సింగ్ అనే ఆచార్యుడు జర్నలిజం విభాగం మొదలుపెట్టారు. ఆయన చదువుకున్నది మిస్సోరిలోనే. దేశవిభజనతో ఆ విభాగం లాహోర్ వదిలి ఢిల్లీకి, 1962లో అక్కడినుంచి చండీగఢ్‌కు చేరింది. నాగపూర్ హిస్లాప్ కాలేజీలో 1952లో కోర్సు మొదలైనప్పుడు రోలండ్ వూల్స్‌లీ అనే అమెరికన్ ఆచార్యుడు వచ్చి నిలబెట్టారు. మద్రాసు, కలకత్తా, మైసూరు కూడా ఆ అయిదారేళ్లలోనే ఈ దారిన నడిచాయి.

మన ఉస్మానియాలో జర్నలిజం విభాగం 1954లో పుట్టింది. దానికి రూపురేఖలు దిద్దినవారు డి ఫారెస్ట్ ఓడెల్. అమెరికాలో జర్నలిజం చదువుల చరిత్ర మీద పుస్తకం రాసిన మనిషి ఆయన. అంటే ఆ విద్య గురించి బాగా తెలిసినవాడే వచ్చాడు. తప్పు ఆయనది అనలేం. కానీ 1954 నాటి హైదరాబాదును ఒక్కసారి ఊహించుకోండి. ఉర్దూలో బోధించడానికి పుట్టిన విశ్వవిద్యాలయం పోలీసు చర్య తర్వాత ఇంగ్లిష్‌కు మారి అయిదారేళ్లు. నగరంలో గట్టిగా నడుస్తున్నవి ఉర్దూ పత్రికలు, ఇంగ్లిష్‌లో దక్కన్ క్రానికల్. సురవరం ప్రతాపరెడ్డి 1926లో పెట్టిన గోలకొండ పత్రిక తెలుగు మాట నిలబెట్టింది గానీ, పెద్ద తెలుగు దినపత్రికలు అప్పటికి ఈ ఊళ్లో లేవు. ఆంధ్రపత్రిక, ఆంధ్రప్రభ మద్రాసులో ఉన్నాయి. విశాలాంధ్ర 1952 నుంచి విజయవాడలో వస్తోంది. 1960లో ఆంధ్రజ్యోతి పుట్టింది కూడా విజయవాడలోనే. తెలుగు రాష్ట్రానికి జర్నలిజం చదువు హైదరాబాదులో ఇంగ్లిష్‌లో సాగుతుంటే, తెలుగు పత్రికల పని కృష్ణ ఒడ్డున తెలుగులో సాగింది. మొదట్లోనే పడిన ఈ దూరాన్ని తర్వాత ఎవరూ పట్టుదలగా పూడ్చలేదని నా అభిప్రాయం.

విజయవాడ పత్రికల్లో అప్పట్లో పని ఎలా నేర్చుకునేవారు? ఆఫీసులోనే. టెలిప్రింటర్ మీద వచ్చిన ఇంగ్లిష్ కాపీ చింపి కొత్తవాడి చేతిలో పెట్టేవారు. వాడు తెలుగు చేసేవాడు. సీనియర్ సబ్ ఎడిటర్ ఎర్రసిరాతో కొట్టివేతలు పెట్టేవాడు. కొన్నాళ్లకు ఎర్రసిరా తగ్గేది. సంపాదకుడు నార్ల వెంకటేశ్వరరావు నడిపిన డెస్కుల (వార్తలు దిద్దే విభాగాల) మీద పనిచేయడమే ఒక చదువని పాత తరంవాళ్లు చెప్పుకునేవారు. విజయనగరం నుంచి వెళ్లి అలహాబాదులో లీడర్ పత్రికను నడిపిన సి.వై.చింతామణి గానీ, లక్నో నేషనల్ హెరాల్డ్‌కు దీర్ఘకాలం సంపాదకుడిగా ఉన్న మానికొండ చలపతిరావు గానీ ఈ పనిని నేర్చుకున్నది పత్రికాఫీసుల్లోనే. వాళ్ల కాలానికి ఈ డిగ్రీ ఇంకా మనదాకా రాలేదు.

ఇక్కడ భాష సంగతి ఒకటి చెప్పుకోవాలి. ఇంగ్లిష్ పత్రికల్లో చేరేవాడికి భాష ముందే తయారుగా ఉంది. తెలుగు పత్రికలకు వార్త రాసే వచనాన్ని తయారుచేసుకోవడమే ఒక పెద్ద పని అయింది. వ్యవహారిక భాష కోసం జీవితం ధారపోసిన గిడుగు రామమూర్తి 1940 జనవరిలో, చనిపోవడానికి వారం రోజుల ముందు, మద్రాసు ప్రజామిత్ర కార్యాలయంలో చివరి విన్నపం చేసుకున్నది ఎవరికో తెలుసా? పత్రికా సంపాదకులకు. జనం మాట్లాడే తెలుగు నిలబడేది పత్రికల్లోనేనని ఆయనకు తెలుసు. ఆ విన్నపాన్ని ఆచరణలో పెట్టిన బరువంతా ఆ తర్వాత డెస్కుల మీదే పడింది. జర్నలిజం విభాగాల్లో అది పాఠం కాలేదు. వాటి భాష వేరు కదా.

1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో ఈనాడు మొదలయ్యాక లెక్క మారింది. ఊరి వార్త పట్టణం వార్తంత ముఖ్యమని ఆ పత్రిక నమ్మింది. 1989లో జిల్లాకో చిన్న పత్రికను ప్రధాన సంచికతో కలిపి ఇవ్వడం మొదలుపెట్టింది. జిల్లా పేజీలు రోజూ నిండాలంటే మండలానికో విలేకరి ఉండాలి. ఆ విలేకరి పంపినదాన్ని చదివించేలా దిద్దే మనుషులు జిల్లాకు పదిమందైనా ఉండాలి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మీద తిరగబడిన కబురు రాష్ట్రమంతా పాకిందంటే, 1993లో సారా నిషేధం దాకా వచ్చిందంటే, అందులో ఈ జిల్లా పేజీల పాత్ర చిన్నది కాదు. అంతమంది జర్నలిస్టులు ఎక్కడినుంచి రావాలి? యూనివర్సిటీ నుంచి ఏటా బయటికొచ్చే కొద్దిమందిలో తెలుగు రాయగలవాళ్లు ఇంకా కొద్దిమంది. అందుకే పత్రికే బడి పెట్టుకుంది.

ఆ బడికి ప్రిన్సిపాల్‌గా పనిచేసినవారు బూదరాజు రాధాకృష్ణ. వేటపాలెం మనిషి, భాషాశాస్త్రవేత్త. ప్రాచీన తెలుగు శాసనాల మీద పరిశోధన చేసి, తెలుగు అకాడమీలో పనిచేసి వచ్చిన పండితుడు. వెయ్యేళ్ల కిందటి రాతి మీది తెలుగు తెలిసినాయన రేపటి పేపరులో మాట ఎలా ఉండాలో చెప్పడానికి కూర్చున్నారు. తెలుగు జర్నలిజం చదువుకు జరిగిన మేళ్లలో ఇదొకటని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను. తర్వాత వార్త, ఆంధ్రజ్యోతి, 2008లో వచ్చిన సాక్షి, అన్నీ ఇదే పద్ధతిలో సొంత బడులు పెట్టుకున్నాయి.

ఆ బడుల్లో ఏం నేర్పేవారో నా అనుభవమే చెబుతాను. నేనూ పీజీ చేసి మళ్లీ బడికి పోయినవాణ్నే. మొదటి వారంలో మా సారు బోర్డు మీద ఒక వాక్యం రాశారు: “మంత్రిచే పాఠశాల భవనము ప్రారంభింపబడినది.” దీన్ని మీ అమ్మకు చెప్పినట్టు చెప్పమన్నారు. ఎవరో లేచి “పాఠశాల భవనం మంత్రి చేత ప్రారంభించబడింది” అన్నారు. “మీ అమ్మ ఇలా మాట్లాడుతుందా?” అని అడిగారు. చివరికి “బడి భవనాన్ని మంత్రి ప్రారంభించారు” దగ్గరికి వచ్చాం. సారు అక్కడితో వదల్లేదు. “మంత్రి ప్రారంభించడం వార్తా? ఆ బడి లేక ఆ ఊరి పిల్లలు ఇన్నాళ్లూ ఎంత దూరం నడిచారు? అదెవరు రాస్తారు?” అన్నారు. ఒక్క వాక్యం మీద గంట గడిచింది. రెండేళ్ల పీజీలో తెలుగు వాక్యం మీద మాకు ఒక్క గంట కూడా పాఠం లేదు. సమాచార సిద్ధాంతాలన్నీ వరసగా అప్పజెప్పగలిగేవాణ్ని. ఎవరు, ఏమి, ఏ మాధ్యమంలో, ఎవరికి, ఏ ఫలితంతో అన్న లాస్‌వెల్ సూత్రం మీద పది మార్కుల జవాబు నిద్రలో లేపినా రాసేవాణ్ని. మా మండలంలో చెరువు గట్టు తెగితే ఆ వార్త ఇంట్రో (తొలి పేరా) ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు.

అలాగని యూనివర్సిటీ చదువు వృథా అనను. ఆ సిద్ధాంతాలు ఊరికే రాలేదు. ‘మాస్ కమ్యూనికేషన్’ అన్న మాట మన సిలబస్‌లోకి దేశాభివృద్ధి కలతో వచ్చింది. రేడియో, సినిమా, టీవీలతో పల్లెకు వ్యవసాయం, ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ చేరవేయొచ్చని అరవైలలో గట్టి నమ్మకం ఉండేది. 1965 ఆగస్టు 17న ఢిల్లీలో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మాస్ కమ్యూనికేషన్‌ను ప్రారంభించింది, అప్పటి సమాచార శాఖ మంత్రి ఇందిరాగాంధీ. పదేళ్లకు, 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు, అమెరికా ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు టీవీ కార్యక్రమాలు అందించారు. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఉంది. కరెంటు సరిగా లేని ఊళ్లలో జనం గుంపుగా కూర్చుని తెలుగులో టీవీ చూశారు. ఆ ప్రయోగం మీద వచ్చిన పరిశోధనలు చదివితే, మీడియా జనానికి ఏం చేయగలదో, ఏం చేయలేదో అర్థమవుతుంది. పత్రికల బడి ఇది నేర్పదు. యజమాని పత్రికను ప్రశ్నించడం అసలే నేర్పదు. పత్రికా స్వేచ్ఛ చరిత్ర, పరువునష్టం చట్టం, యాజమాన్యాల గుత్తాధిపత్యం వంటివి తీరికగా చదివి వాదించుకునే చోటు విశ్వవిద్యాలయమే. బడిలో స్టైపెండ్ ఇచ్చేవాడే పాఠం నిర్ణయిస్తాడు. ఒక సంస్థ శైలికి తగ్గట్టు తయారైన మనిషి ఇంకో సంస్థకు మారినప్పుడు పడే తంటాలు నేను చాలామందిలో చూశాను.

ఈ రెండు బడుల గడపా తొక్కని వాళ్లు ఇంకా చాలామంది. మండల విలేకరి చాలాచోట్ల కంట్రిబ్యూటరే. అచ్చయిన వార్తల పొడవు కొలిచి డబ్బిచ్చే పద్ధతిలో ఏళ్ల తరబడి బతికినవాళ్లు. 1996లో ఏర్పడిన ప్రెస్ అకాడమీ జిల్లాల్లో వీళ్లకు శిక్షణ తరగతులు పెట్టింది. వాటికొచ్చే విలేకరుల్లో ఉపాధ్యాయులు, మందుల షాపువాళ్లు, చిన్న రైతులు ఉండేవారు. ఊరి వార్తలు మనకు చేరేది వాళ్ల చేతుల మీదుగానే. వాళ్ల గురించి ఆలోచించిన సిలబస్ నాకెక్కడా కనిపించలేదు.

2013లో ప్రెస్ కౌన్సిల్ అధ్యక్షుడిగా ఉన్న మార్కండేయ కట్జూ, వకీలుకూ వైద్యుడికీ ఉన్నట్టే జర్నలిస్టుకూ కనీస విద్యార్హత ఉండాలంటూ ఒక కమిటీ వేశారు. పెద్ద గొడవే జరిగింది. రాజ్యాంగం పౌరులందరికీ ఇచ్చిన భావప్రకటన హక్కుకు డిగ్రీ అడ్డం పెట్టడమేమిటని చాలామంది అభ్యంతరం చెప్పారు. నాదీ ఆ మాటే. దూబగుంట కబురు మొదట మోసుకొచ్చిన మనిషిని పట్టా చూపించమని అడిగి ఉంటే ఏమయ్యేది? ఆ ప్రతిపాదన నియమంగా మారలేదు.

మధ్యలో దూరం తగ్గించే ప్రయత్నాలు జరగలేదని కాదు. 1985లో తెలుగు విశ్వవిద్యాలయం వచ్చాక జర్నలిజాన్ని తెలుగులో చదివే వీలు కలిగింది. 2025లో దానికి సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టారు, ఒక తెలుగు సంపాదకుడి పేరు. ప్రెస్ అకాడమీ పాత పత్రికలను స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో ఉంచడంతో కృష్ణాపత్రికలో ముట్నూరి కృష్ణారావు సంపాదకీయం ఎలా ఉండేదో విద్యార్థి ఇంట్లో కూర్చుని చూడొచ్చు. నా చదువు రోజుల్లో ఇది కల.

కానీ పాఠం చెప్పేవారి సంగతి చూడండి. యూనివర్సిటీలో జర్నలిజం అసిస్టెంట్ ప్రొఫెసర్ కావడానికి యూజీసీ నెట్ అనే జాతీయ అర్హత పరీక్ష ప్రధానమైన దారి. ఆ ప్రశ్నపత్రం ఇంగ్లిష్, హిందీల్లో ఉంటుంది. తెలుగులో ఒక్క శీర్షిక పెట్టకుండా, ఒక్క వార్త దిద్దకుండా అది పాసై, తెలుగు జర్నలిస్టులను తయారుచేసే ఉద్యోగంలో చేరవచ్చు. ఇరవై ఏళ్లు జిల్లా డెస్కులో తెలుగు దిద్దిన సబ్ ఎడిటర్‌కు నెట్ గానీ పీహెచ్‌డీ గానీ లేకపోతే, అదే తరగతి గదికి ఏడాదికోసారి అతిథి ఉపన్యాసానికి పిలుస్తారు. గంట మాట్లాడించి, శాలువా కప్పి పంపిస్తారు.