సల్ఫర్‌కు పీహెచ్చా, ఎఫ్ఫా? పర్లాకిమిడిలో ఒక ఆన్సర్ పేపరు వెనక కథ

మా అన్నయ్య కూతురు ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దున ఉన్న పర్లాకిమిడిలో తొమ్మిదో తరగతి, ఇంగ్లిష్ మీడియం. మొన్న సైన్స్ పేపరు ఇంటికి తెచ్చింది. సల్ఫ్యూరిక్ యాసిడ్ అని రాసిన ప్రతిచోటా మధ్యలో ఉన్న 'ఎఫ్' అక్షరం చుట్టూ ఎర్ర సిరాతో సున్నా. మూడుచోట్ల అర మార్కు చొప్పున పోయింది. "ఫోన్లో ఇలాగే ఉంది కదా బాబాయ్" అంది కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే. మాస్టారిని అనడానికీ లేదు. ఆయన చేతిలో ఉన్న పుస్తకంలో సల్ఫర్ స్పెల్లింగు మధ్యలో 'ఎఫ్' బదులు 'పీహెచ్' అని రెండు అక్షరాలు ఉన్నాయి. ఆ అరమార్కుల వెనక చాలా పాత తగువు ఉంది.

పాత లాటిన్ రాతల్లో గంధకం, అంటే సల్ఫర్ పేరు మూడు రకాలుగా కనిపిస్తుంది: ఒట్టి 'పి'తో, 'పీహెచ్'తో, 'ఎఫ్'తో. గ్రీకు నుంచి వచ్చిన మాటలకు పీహెచ్ రాసే అలవాటు దీనికీ అంటుకుంది గానీ, ఇది గ్రీకు మాట కాదు. ఫాస్ఫరస్ అసలైన గ్రీకు మాట, అందుకే దాని పీహెచ్ జోలికి అమెరికా వాళ్ళు కూడా పోలేదు. సల్ఫర్‌కు బ్రిటన్‌లో పీహెచ్, అమెరికాలో ఎఫ్ స్థిరపడ్డాయి. 1990లో ప్రపంచ రసాయన శాస్త్రవేత్తల సంఘం ఐయూపాక్ ఎఫ్ వైపు తీర్పు చెప్పింది. 1992లో బ్రిటన్‌లోని రాయల్ సొసైటీ ఆఫ్ కెమిస్ట్రీ కూడా దాన్నే ఒప్పుకుంది. మన బడి పుస్తకాల్లో పీహెచ్ అలాగే ఉండిపోయింది. అంటే పిల్ల రాసింది ఇప్పుడు శాస్త్రలోకం రాస్తున్న స్పెల్లింగే.

అల్యూమినియం కథ ఇంకా పెద్దది. ఇది మాకు మరీ దగ్గరిది, ఎందుకంటే కొరాపుట్ జిల్లా పంచపట్‌మలి కొండ మీద బాక్సైట్ అనే ముడిఖనిజం తవ్వి, దమంజోడిలో దాన్నుంచి అల్యూమినా అనే పొడి తీసేది 1981లో పుట్టిన ప్రభుత్వ సంస్థ నాల్కో. ఆ తెల్లటి పొడిలో కొంత అనుగుళ్‌కు లోహంగా మారడానికి పోతుంది, కొంత విశాఖ రేవుకు వస్తుంది. ఈ లోహాన్ని ఇంకా ఎవరూ విడదీయకముందే, 1808లో ఇంగ్లిష్ రసాయన శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ దానికి 'అల్యూమియం' అని పేరు పెట్టాడు. నాలుగేళ్ళకు తన పుస్తకంలో తనే 'అల్యూమినం' అని మార్చాడు. అది చెవికి బాగోలేదనీ, సోడియం, పొటాషియంలాగా చివర 'ఇయం' ఉండాలనీ అన్నవాళ్ళ మాట బ్రిటన్‌లో నెగ్గింది. అమెరికాలో వెబ్‌స్టర్ 1828 నిఘంటువు 'అల్యూమినం' పట్టుకుంది. 1925లో అక్కడి కెమికల్ సొసైటీ దాన్నే ఖాయం చేసింది. నిజానికి డేవీ తన పుస్తకంలో రాసిన మాట అమెరికా వాళ్ళదే. 1990లో ఐయూపాక్ ఇక్కడ బ్రిటన్ రూపానికి ఓటేసింది, మూడేళ్ళకు అమెరికా రూపాన్నీ చెల్లుతుందంది. సల్ఫర్ ఒకరికి, అల్యూమినియం ఇంకొకరికి దక్కాయన్నమాట.

మా అమ్మకు ఈ రెండూ అక్కర్లేదు. ఆమెకు అది సత్తుగిన్నె. వీధి చివర సామాన్ల కొట్టులో సిల్వర్ గిన్నె అంటారు. దాంతో ఏడో తరగతిలో నేను సిల్వర్‌కు గుర్తు అల్యూమినియంది, 'ఏఎల్' అని రాసి దెబ్బలు తిన్నాను. ఆ రోజు ఎవరూ ఎందుకు తప్పో విడమర్చి చెప్పలేదు.

ఇక పలకడం దగ్గరికి వస్తే, విటమిన్ ఒక్కటి చాలు. 1912లో కాసిమిర్ ఫంక్ అనే శాస్త్రవేత్త పెట్టిన పేరు చివర అదనంగా ఒక 'ఇ' ఉండేది, ఇవన్నీ అమీన్లే (నైట్రోజన్ ఉండే ఒక రకం రసాయనాలు) అనుకున్నాడు కాబట్టి. కావని తేలాక 1920లో జాక్ డ్రమండ్ అనే ఇంకో శాస్త్రవేత్త ఆ 'ఇ' తీసేయమన్నాడు. మొదటి అక్షరం బ్రిటన్‌లో 'వి', అమెరికాలో 'వై' అని పలుకుతారు. మా పిల్లలు యూట్యూబ్ పాఠంలో వైటమిన్ వింటారు, క్లాసులో విటమిన్ వింటారు, పక్క బెంచీ ఒడియా స్నేహితురాలి నోట భిటామిన్ వింటారు. గ్రీకు అక్షరం బీటా, బేటా కూడా అంతే.

ఆ 'భి' తప్పు కాదు. ఒడియాలో ఇంగ్లిష్ 'వి' శబ్దానికి 'భ' రాయడం మామూలు, వోల్ట్ వాళ్ళకు భోల్ట్. మూడు సకారాలూ రాతలో ఉన్నా పలుకులో ఒకటే 'స', అందుకే సొల్యూషన్ వాళ్ళ నోట 'సొలూసన్' అవుతుంది. మన నోటికీ ఇలాంటి అలవాటే ఉంది: ఎలక్ట్రాన్‌ను యెలక్ట్రాన్ అంటాం, ఓమ్‌ను వోమ్ అంటాం. పాత పుస్తకాల మాటలు చూస్తే రెండిళ్ళ చుట్టరికం ఇంకా బాగా తెలుస్తుంది. ఆక్సిజన్ మనకు ఆమ్లజని, వాళ్ళకు అమ్లజాన్ (వాళ్ళ పలుకులో 'అ' దాదాపు 'ఒ'). ఆమ్లాన్ని పుట్టించేది అని ఫ్రెంచి శాస్త్రవేత్త లవోజియే పెట్టిన అర్థాన్ని ఇద్దరూ సంస్కృతంలోకి దించుకున్నారు. ఆ అర్థమే పొరపాటు, ఆక్సిజన్ లేని ఆమ్లాలూ ఉన్నాయి. ఉదజని, ఉదజాన్ కూడా కవలలే. నైట్రోజన్ దగ్గర మాత్రం దారులు చీలాయి, మనది నత్రజని, వాళ్ళది యవక్షారజాన్.

ఇన్ని పలుకులు ఒకే గదిలోకి చేరడానికి కారణం 1936 ఏప్రిల్ 1. అప్పటిదాకా గంజాం, కొరాపుట్ ప్రాంతాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి, ఆ రోజు కొత్త ఒడిశాలో కలిశాయి. పర్లాకిమిడి ఇటు వచ్చింది, మహేంద్రతనయ నది దాటితే వచ్చే పాతపట్నం మద్రాసు వైపే ఉండిపోయింది. పాఠాల్లోని బ్రిటిష్ స్పెల్లింగు మాత్రం రెండు గట్ల మీదా మారలేదు.

పర్లాకిమిడిలోనే రాజావారి స్కూల్లో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి గారిని ఇక్కడ తలుచుకోక తప్పదు. ఇక్కడి కొండల్లో ఉండే సవర గిరిజనుల మాటను చెవితో విని, ధ్వని ధ్వనిగా రాసుకుని, 1938లో సవర-ఇంగ్లిష్ నిఘంటువు తెచ్చారాయన. నోటితో పలికేదాన్ని తప్పని కొట్టేసే పండితులతో పిల్లల తరఫున జీవితమంతా పోట్లాడారు.

ఇంటర్‌కో డిగ్రీకో విశాఖ వెళ్ళిన మా పిల్లలు వైవాలో, అంటే నోటి పరీక్షలో, భోల్ట్ అని నోరు జారితే క్లాసంతా నవ్వుతుంది. ఆ తర్వాత కొందరు నోరే విప్పరు. నాకు బాధ కలిగించేది అదే. మరుసటి రోజు స్కూలుకు వెళ్ళి మాస్టారిని అడిగాను: రెండు స్పెల్లింగుల్లో ఏది రాసినా ఒప్పుకోండి, పేపరంతా ఒకటే వాడమని చెప్పండి చాలు అని. ఆయన చాలాసేపు ఆ సున్నాల వైపు చూశారు. మార్కులు కలపలేదు. కానీ ఆ సాయంత్రం పిల్ల నోట్సులో సల్ఫర్ పక్కన ఇంకో సల్ఫర్ ఉంది, బోర్డు మీద రెండూ రాశారట.