మిల్లు తెరిస్తే ఊరు తిరిగొస్తుందా? పాత ఫ్యాక్టరీ ఊళ్ల గురించి అపోహలు - వాస్తవాలు

పిట్స్‌బర్గ్ చుట్టుపక్కల చిన్న మునిసిపాలిటీలకు అభివృద్ధి ప్రణాళికలు తయారుచేయడం నా పని. మీటింగ్ ఏ ఊళ్లో పెట్టినా, ఎజెండాలో ఏమున్నా, చివర్లో ఎవరో ఒకరు లేచి అడిగేది ఒకటే: “మిల్లు మళ్లీ ఎప్పుడు తెరుస్తారు?” మనవాళ్లు ఫోన్ చేస్తే అదే మాట ఇంకోలా వస్తుంది. “బావా, ఒహాయోలో ఏదో పెద్ద ఫ్యాక్టరీ పెడుతున్నారటగా! ఇళ్లు కార్ల కంటే చవకట. ఒకటి కొని పడేయమంటావా?”

రెండిటి వెనకా ఉన్న అపోహ ఒకటే. నేను చూసినంతలో జనం చేత ఎక్కువ డబ్బు, ఎక్కువ ఏళ్లు పోగొట్టించింది కూడా అదే. అందుకే దాని గురించే ఎక్కువ రాస్తాను, మిగతావి గబగబా ముగిస్తాను.

అపోహ: ఫ్యాక్టరీ పోయి ఊరు పోయింది కాబట్టి, ఫ్యాక్టరీ వస్తే ఊరూ వస్తుంది

బ్రాడాక్ అనే ఊరుంది. పిట్స్‌బర్గ్ దగ్గర పెన్ హిల్స్‌లోని వెంకటేశ్వరస్వామి గుడికి వచ్చే మనవాళ్లలో చాలామందికి తెలియదు గానీ, గుడి నుంచి కారులో అరగంట కూడా పట్టదు. ఆండ్రూ కార్నెగీ తన ఎడ్గార్ థామ్సన్ స్టీలు మిల్లును 1875లో మొదలుపెట్టింది ఇక్కడే. 1920లో ఊరి జనాభా 20 వేల పైమాటే. 2020 జనగణనలో 2 వేలు కూడా లేదు. మెయిన్ రోడ్డు మీద ఒక్కో బిల్డింగ్‌కీ మధ్య ఖాళీ జాగాలు. ఉన్న ఆసుపత్రి 2010లో మూసేశారు.

మరి మిల్లు ఎప్పుడు మూతపడింది? పడలేదు. ఈ రోజుకీ నడుస్తోంది.

ఈ ముక్క చెప్పగానే మీటింగుల్లో కాసేపు ఎవరూ మాట్లాడరు. లెక్క మాత్రం సులువే. 1980ల మొదట్లో అమెరికాలో టన్ను స్టీలు తయారవడానికి దాదాపు 10 పనిగంటలు పట్టేది. ఇప్పుడు రెండు గంటలు కూడా పట్టడం లేదు. అదే మిల్లు అంతే స్టీలు తీసినా, వెనకటి షిఫ్టుల్లో గేటు ముందు కనిపించినంత జనం ఇక కనిపించరు. ఉన్న కొద్దిమందీ ఊళ్లో ఉండరు, హైవే ఎక్కి సబర్బులకు పోతారు. అక్కడితో అయిపోలేదు. పెన్సిల్వేనియాలో జీతం మీద కట్టే స్థానిక పన్ను ముందుగా మనిషి నివసించే మునిసిపాలిటీకి, స్కూల్ డిస్ట్రిక్టుకి పోతుంది. పని చేసే ఊరికి దక్కేది మనిషికి ఏడాదికి మహా అయితే 52 డాలర్లు. పొగ, లారీల రొద ఒక ఊరికి, పన్ను డబ్బు ఇంకో ఊరికి. ఒక్క అలెఘెనీ కౌంటీలోనే ఇలాంటి మునిసిపాలిటీలు 130 ఉన్నాయి. దేని ఖజానా దానిదే.

మిల్లు నిజంగానే మూతపడిన ఊరి సంగతి కూడా చెప్తాను. ఇక్కడికి గంటన్నర లోపు ప్రయాణం, ఒహాయోలో యంగ్స్‌టౌన్. 1977 సెప్టెంబర్ 19, సోమవారం. క్యాంప్‌బెల్ వర్క్స్ అనే స్టీలు మిల్లును మూసేస్తున్నామని కంపెనీ ప్రకటించింది. ఒక్క దెబ్బకు దాదాపు 5 వేల ఉద్యోగాలు పోయాయి. ఆ రోజును అక్కడి వాళ్లు ఇప్పటికీ బ్లాక్ మండే అంటారు. చర్చిలన్నీ ఏకమై, కార్మికులూ ఊరివాళ్లూ కలిసి మిల్లును కొనేందుకు డబ్బు పోగుచేశాయి. కేంద్ర ప్రభుత్వం రుణానికి గ్యారంటీ ఇవ్వనంది, 1979లో ఆ ప్రయత్నం ఆగిపోయింది. వాళ్లను తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. ఆ స్థితిలో ఉంటే నేనూ నా చెక్కు రాసిచ్చేవాణ్ణి.

బాధేమిటంటే, ఆ ఎదురుచూపు ఊరికి అలవాటైపోయింది. 1990ల్లో ప్రైవేటు జైలు వస్తే అదే దిక్కన్నారు. పక్కనే లార్డ్స్‌టౌన్‌లో జనరల్ మోటార్స్ ప్లాంటు ఉందిగా అని ధైర్యపడ్డారు. 2019లో అదీ ఆగింది. దాన్ని కొన్న ఎలక్ట్రిక్ ట్రక్కుల కంపెనీ మీద ఆశలు పెట్టుకున్నారు. 2023లో అది దివాలా కోర్టుకెక్కింది. 1930లో 1 లక్షా 70 వేల మంది ఉన్న యంగ్స్‌టౌన్‌లో 2020 నాటికి మిగిలింది 60 వేల మంది.

ఊళ్లే కాదు, మనుషులూ అలాగే ఎదురుచూశారు. అప్పట్లో లేఆఫ్ అయినవాళ్లకు కొంతకాలం రీకాల్ హక్కు ఉండేది. అంటే మిల్లు మళ్లీ పుంజుకుంటే ముందు వాళ్లనే పిలవాలి. పిట్స్‌బర్గ్ పక్కన నది వెంబడి స్టీలు ఊళ్లుండే మోన్ వ్యాలీలో నాకు బాగా తెలిసిన ఒక పెద్దాయన క్రేన్ ఆపరేటర్‌గా చేసేవాడు. లేఆఫ్ అయ్యాక ఒక ఆసుపత్రిలో మెయింటెనెన్స్ పని వస్తే వెళ్లలేదు. మిల్లు జీతంలో సగం కూడా లేదట, రేపో మాపో పిలుస్తారట. పక్కింటాయన ఆ పనిలో చేరి అక్కడే రిటైరయ్యాడు. ఈయనకు మిల్లు నుంచి పిలుపు ఉత్తరం రాలేదు. ఇల్లు అమ్ముదామనుకునేసరికి వీధిలో కొనేవాళ్లు లేరు. “ఎవరైనా ఒక్కడు, మిల్లు రాదయ్యా అని మొహం మీద చెప్పుంటే బాగుండేది” అంటాడు. నేను మీటింగుల్లో మొహమాటం లేకుండా చెప్పడానికి సగం కారణం ఆయనే.

రాజకీయ నాయకులకు మాత్రం ఈ అపోహ భలే పనికొస్తుంది. విస్కాన్సిన్‌లో, రసీన్ అనే పాత పారిశ్రామిక నగరం పక్కన, 2017లో ఫాక్స్‌కాన్ ప్లాంటు ప్రకటించారు. 1000 కోట్ల డాలర్ల పెట్టుబడి, 13 వేల ఉద్యోగాలు అన్నారు. భూములు సేకరించారు, ఇళ్లు ఖాళీ చేయించారు, రోడ్లు వేశారు. 2021లో ఒప్పందం తిరగరాశాక మిగిలింది 1,454 ఉద్యోగాల మాట. శంకుస్థాపన ఫొటో చూసి స్థలం కొనేవాళ్లు మన దగ్గరా తక్కువేం లేరు కదా!

వాస్తవం: పిట్స్‌బర్గ్‌ను ఏ ఒక్క ఫ్యాక్టరీ కాపాడలేదు

1983 మొదట్లో ఈ ప్రాంతంలో నిరుద్యోగం 17 శాతం దాటింది. పడుచువాళ్లంతా టెక్సస్ వైపు పోయారు. యంగ్స్‌టౌన్ కంటే పరిస్థితి మెరుగనడానికి ఏమీ కనిపించేది కాదు. కానీ లోపల రెండు తేడాలున్నాయి.

మొదటిది, నిర్ణయం తీసుకునేవాళ్లు ఎక్కడున్నారన్నది. యంగ్స్‌టౌన్ మిల్లును 1969లోనే న్యూ ఆర్లీన్స్‌కు చెందిన ఒక షిప్పింగ్ కంపెనీ కొనేసింది. ఊరి భవిష్యత్తు గురించి మాట్లాడాల్సిన పెద్దమనిషి ఊళ్లోనే లేడు. పిట్స్‌బర్గ్ అలా కాదు, కంపెనీల హెడ్డాఫీసులు, బ్యాంకులు ఇక్కడే ఉండేవి. స్టీలు, బొగ్గు, చివరికి టమాటా సాస్ సంపాదించిన డబ్బు కూడా మెలన్, హైన్జ్ కుటుంబాల ఫౌండేషన్ల రూపంలో ఊళ్లోనే ఉండిపోయింది. పరిశ్రమ ఖాయిలా పడ్డా ఆ డబ్బు ఎక్కడికీ పోలేదు.

రెండోది, కూలిపోకముందే వేరే వేర్లు ఉండటం. అవయవ మార్పిడి సర్జన్ థామస్ స్టార్జల్ పిట్స్‌బర్గ్ యూనివర్సిటీకి వచ్చింది 1981లో. ఊళ్లోని ఇంకో యూనివర్సిటీ, కార్నెగీ మెలన్‌కు రక్షణ శాఖ డబ్బుతో సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ ఇన్‌స్టిట్యూట్ వచ్చింది 1984లో. మరుసటి ఏడు సిటీ, కౌంటీ, రెండు యూనివర్సిటీలు కలిసి ‘స్ట్రాటజీ 21’ అని ఒకే ప్రణాళిక పట్టుకుని రాష్ట్రం దగ్గరికి డబ్బు కోసం వెళ్లాయి. ఒకరినొకరు ఓర్చుకోలేని ఆఫీసులు ఒకే కాగితం మీద సంతకం పెట్టడం ఎంత కష్టమో ఈ పనిలో ఉన్నవాళ్లకే తెలుసు. ఇవన్నీ కలిసి ఫలితం కనిపించడానికి పాతికేళ్లు పట్టింది. 2009లో జీ-20 సదస్సు ఇక్కడ పెట్టినప్పుడు “రాత్రికి రాత్రి మారిన నగరం” అన్నట్టు రాసినవాళ్లను చూస్తే నవ్వొస్తుంది.

దీనికి దగ్గరి సంగతి మన దగ్గరా ఉంది. హైదరాబాద్ బాలానగర్‌లో సోవియట్ సాయంతో పెట్టిన ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్ 1990ల నాటికి ఖాయిలా పడింది. కానీ అక్కడ పని నేర్చుకున్నవాళ్లు బయటికొచ్చి సొంతంగా మందుల కంపెనీలు పెట్టారు. డాక్టర్ రెడ్డీస్ అంజిరెడ్డి గారు అక్కడ పనిచేసినవారే. నేను ఏ ఊరికి వెళ్లినా ముందు వెతికేది ఇదే: ఫ్యాక్టరీలో పని నేర్చినవాడు గేటు బయట సొంత షెడ్డు వేసుకోగలడా? వేసుకుంటే కొనేవాళ్లున్నారా, అప్పిచ్చే బ్యాంకుందా? కాగజ్‌నగర్ పేపరు మిల్లు 2014లో ఆగి, 2018లో చేతులు మారి తెరుచుకుంది. ఆ కుటుంబాలకు అది ఎంత ఊరటో నేను ఊహించగలను, మిల్లు తెరవడం వద్దని నేననను. దాని పక్కన ఇంకేం మొలుస్తున్నాయన్నదే నా ప్రశ్న.

ఇక మిగతావి.

అపోహ: జనాభా మళ్లీ పెరిగితేనే కోలుకున్నట్టు

1950లో పిట్స్‌బర్గ్ జనాభా 6 లక్షల 77 వేలు, 2020లో 3 లక్షల 3 వేలు. సగం కూడా లేదు. పైగా ఆర్థికంగా చితికిన నగరమని రాష్ట్రం 2003లో వేసిన ముద్ర 2018 దాకా పోలేదు. అయినా దీన్ని కోలుకున్న ఊరనే అంటాం. చూడాల్సింది ఉన్నవాళ్ల సంపాదన, ఖజానా పరిస్థితి, వచ్చిన కుర్రాళ్లు ఉంటున్నారా లేదా అన్నది.

అపోహ: ఒక అద్భుతమైన మ్యూజియం కడితే చాలు, బిల్బావో చూడండి

చూశాను. స్పెయిన్‌లోని బిల్బావోలో గుగెన్‌హైమ్ మ్యూజియం తెరిచింది 1997లో. దానికి ముందే నదిని శుభ్రం చేసే పని మొదలైంది, భూములు చక్కదిద్దే సంస్థ 1992లో పుట్టింది, మెట్రో 1995లో నడిచింది. బిల్బావో ఉన్న బాస్క్ ప్రాంతం తన పన్నులు తనే వసూలు చేసుకుంటుంది. జనం ఫొటోలు తీసుకునేది మాత్రం మ్యూజియం దగ్గర.

అపోహ: యూనియన్లే మిల్లులను ముంచాయి

ఇది వింటే నాకు చిరాకు. జర్మనీలో బొగ్గు, స్టీలు కంపెనీల పర్యవేక్షక బోర్డుల్లో 1951 నుంచి సగం సీట్లు కార్మికుల ప్రతినిధులవే. అయినా అక్కడి చివరి హార్డ్ కోల్ గనిని 2018లో, బలవంతపు తొలగింపులు లేకుండా మూశారు.

అపోహ: యూనివర్సిటీ, ఆసుపత్రి ఉంటే అందరూ బాగుపడతారు

రోబోటిక్స్ ఉద్యోగం యాభై ఏళ్ల వెల్డరుకు రాలేదు. మోన్ వ్యాలీ ఊళ్లు పిట్స్‌బర్గ్‌కు వచ్చిన మంచిరోజులు చూడలేదు. పైగా యూనివర్సిటీలూ, పెద్ద ఆసుపత్రులూ లాభాపేక్ష లేని సంస్థల పేరుతో చాలా ఆస్తులకు పన్ను కట్టవు. దానిమీద ఇక్కడ గొడవ ఎప్పుడూ ఉండేదే.

అపోహ: ఇల్లు ఇంత చవకగా వస్తే పోయేదేముంది

మన స్నేహితుల్లో ఒకాయన, పెద్ద ప్లాంటు వస్తోందన్న వార్త చూసి, ఒక ఒహాయో ఊళ్లో ఇల్లు చూడకుండానే ఆన్‌లైన్‌లో కొన్నాడు. పైకప్పు కారుతోంది, రాగి పైపులు ఎవరో కోసుకుపోయారు, కూల్చివేత నోటీసు అంటించి ఉంది. పాత పన్ను బకాయిలు విడిగా వచ్చాయి. ఆ టెన్షన్‌లో రాత్రి రెండింటికి నాకు ఫోన్ చేసి ఏడ్చినంత పని చేశాడు. ఇలాంటిది కొనాలనిపిస్తే ముందు కౌంటీ రికార్డుల్లో బకాయి పన్నులు, నీటి బిల్లు, లీన్లు (ఇంటి మీద అప్పులవాళ్లకున్న హక్కులు), కూల్చివేత ఆర్డర్లు చూడండి. ఆ తర్వాత ఒక పగలంతా ఆ వీధిలో తిరిగి, ఎన్ని ఇళ్లకు కర్టెన్లున్నాయో చూడండి. ఇవేవీ చేయకుండా నన్ను అడిగితే మాత్రం నా జవాబు ‘వద్దు’ అనే.